మీ మినిట్స్ పుస్తకంలో ఒక పేజీ: నెల్లూరు, ప్రకాశం జిల్లాల పొదుపు సంఘాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన గ్రామ సమాఖ్యల, మండల సమాఖ్యల అధ్యక్షురాళ్ళకు, కార్యదర్శులకు, ప్రతి నెలా లెక్కలు రాసే యానిమేటర్లకు, సంఘాల్లోని అక్కచెల్లెళ్ళందరికీ నమస్కారాలు.

ముప్పై ఏళ్ళు ఈ రెండు జిల్లాల పల్లెల్లో అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా తిరిగి, పదవీ విరమణ చేసి, ఇప్పుడు కందుకూరులో ఉంటున్నాను. కలెక్టరు గారికో, శాఖాధికారులకో రాయవలసిన విషయాన్ని మీకెందుకు రాస్తున్నానని మీరు అడగవచ్చు. సరుకు గ్రామానికి చేర్చేవరకు ప్రభుత్వం బాధ్యత, అది చేరనప్పుడు అధికారులనే అడగాలి. కానీ చేరిన సరుకు ఎవరి కడుపులోకి వెళుతుందన్నది గడప లోపల తేలే విషయం. గడప దాటి లోపలికి వెళ్ళి, అత్తా అనో వదినా అనో పిలిచి, పొయ్యి దగ్గర కూర్చుని ఒక మాట చెప్పగలిగిన చనువు మీకున్నంతగా మరెవరికీ లేదు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణాన్ని ఊళ్ళోంచి తరిమినప్పుడు గానీ, ఆ తరువాత రోజుకొక రూపాయి చొప్పున దాచుకోవడం ఈ నేల మీద ఉద్యమంగా మారినప్పుడు గానీ, ముందు కదిలింది మీ అమ్మలూ అత్తలూ. అందుకే ఈ లేఖ మీ పేర రాస్తున్నాను.

నేను అడగబోయేది ఒక్కటే. మీ సంఘం మినిట్స్ పుస్తకంలో ఒక పేజీని మీ వాడలో కడుపుతో ఉన్న ఆడపిల్లలకూ, రెండేళ్ళ లోపు బిడ్డలకూ కేటాయించండి. ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికి ముందుగా ఒక గుడ్డు సంగతి చెప్పాలి.

కోవిడ్ రోజుల్లో, అంగన్‌వాడీ కేంద్రంలో వండిపెట్టడం ఆగి సరుకులు ఇంటికే ఇస్తున్న కాలంలో, ఉదయగిరి వైపు ఒక మెట్ట గ్రామంలో ఏడో నెల గర్భిణి ఇంటికి వెళ్ళాను. ఆ పూట ఉడకబెట్టింది ఒకే గుడ్డు. అత్తగారు పైట అంచు నుంచి దారప్పోగు ఒకటి లాగి, రెండు చేతుల మధ్య బిగించి పట్టుకుని, పచ్చసొన చెదరకుండా గుడ్డును నాలుగు ముక్కలు చేసింది. ఒకటి బడి లేక ఇంట్లోనే ఉన్న మనవడికి, ఒకటి మంచాన పడిన మామగారికి, ఒకటి పొలం నుంచి రాబోయే కొడుకు కోసం గిన్నె కింద, నాలుగోది కోడలి పళ్ళెంలో. ఆ పంపకంలో దుర్మార్గం ఏమీ లేదు, అంత సమంగా పంచిన చేతిని నేను మళ్ళీ చూడలేదు. కోడలు ఆ ముక్కను నంజుకుంటూ చారన్నం తిన్నది. అన్నం మాత్రం పళ్ళెం నిండా ఉంది. ఆ నెల నా నివేదికలో ఆ అమ్మాయి పేరుకు ఎదురుగా 25 గుడ్లు ఇచ్చినట్టు ఉంది. అందులో అబద్ధం లేదు. ఆమె తిన్నవి మాత్రం ఆరు.

మిగిలిన పందొమ్మిది గుడ్లూ ఆ ఇంట్లోవాళ్ళే తిన్నారు కదా, నష్టమేమిటని అనిపించవచ్చు. ఆ నష్టం అప్పటికప్పుడు కనిపించదు. నలభై, యాభై ఏళ్ళ తరువాత, అప్పుడు ఆమె కడుపులో ఉన్న బిడ్డ షుగరు మాత్రలు వేసుకునేటప్పుడు కనిపిస్తుంది. ఈ మాట ఊహించి చెప్పడం లేదు. దీని వెనుక ఒక పద్దు పుస్తకం ఉంది, అది రాసింది కూడా ఆడవాళ్ళే.

ఇంగ్లండులో హెర్ట్‌ఫర్డ్‌షైర్ అనే ప్రాంతంలో ఎథెల్ మార్గరెట్ బర్న్‌సైడ్ అనే నర్సు ఉండేవారు. ఆమె పర్యవేక్షణలో 1911 నుంచి ప్రతి కాన్పు దగ్గరా మంత్రసానులు బిడ్డను తూచి బరువు రాశారు. ఆరోగ్య కార్యకర్తలు ఏడాది పొడుగునా ఆ ఇళ్ళకు వెళ్ళి, బిడ్డ తాగేది తల్లిపాలా, సీసాపాలా, ఏడాది నిండేసరికి బరువెంత అని లావుపాటి పుస్తకాల్లో ఎక్కించారు. రాసేటప్పుడు వారి ధ్యాస ఆ బిడ్డ బతికి బట్టకట్టడం మీదే. అరవై, డెబ్భై ఏళ్ళ తరువాత డేవిడ్ బార్కర్ అనే వైద్యుడు ఆ పుస్తకాలను వెతికి తీసి, అందులోని పసివాళ్ళు పెద్దయి ఏమయ్యారో ఆరా తీయించాడు. పుట్టినప్పుడూ, ఏడాది వయసులోనూ తక్కువ బరువున్న మగవారే గుండెజబ్బుతో ఎక్కువగా చనిపోయారని 1989లో ప్రకటించాడు. అదే ప్రాంతంలో పుట్టి, సుమారు 64 ఏళ్ళకు చేరిన వారికి చక్కెర పరీక్ష చేయగా, బరువు తక్కువగా పుట్టిన వారిలోనే మధుమేహం ఎక్కువగా ఉన్నట్టు 1991లో తేలింది. నర్సుల చేతిరాత లేకపోతే ఆ సంగతి అంత గట్టిగా చెప్పగలిగేవారు కారు. మీ సంఘాల పుస్తకాలు చూసినప్పుడల్లా, తప్పిన కిస్తీ తేదీ కూడా వదలకుండా రాసే మీ పద్ధతి చూసినప్పుడల్లా నాకు ఆ పుస్తకాలే గుర్తుకు వస్తాయి.

మన దేశంలో ఈ విషయాన్ని లోతుగా చూసినవారు పూణేలోని కేఈఎం ఆసుపత్రి వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్. పూణే దగ్గర ఆరు గ్రామాల్లో 1993 నుంచి ఆయన బృందం పెళ్ళైన ఆడవాళ్ళను గర్భం రాకముందు నుంచే గమనిస్తూ వచ్చింది. అక్కడి బిడ్డలు సగటున 2.7 కిలోలతో పుట్టారు, పోలిక కోసం తీసుకున్న ఇంగ్లండు బిడ్డల సగటు 3.5 కిలోలు. మన బిడ్డలకు తగ్గిన ఆ ముప్పాతిక కిలోకు పైగా బరువు కండలోనూ పొట్టలోని అవయవాలలోనూ ఎక్కువగా తగ్గింది. వీపు మీద చర్మం కింద కొవ్వు మాత్రం దాదాపు అలాగే ఉంది. అంటే చూడడానికి సన్నగా ఉండే మన పసిబిడ్డ లోపల కొవ్వు పాలు ఎక్కువ, కండ పాలు తక్కువ. లావు లేని మనవాళ్ళకు నలభై ఏళ్ళకే షుగరు ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు జవాబులో కొంత భాగం ఆ తొట్టెలోనే ఉంది.

కొరత ఉన్న గర్భంలో బిడ్డ శరీరం చేసే పని మనకు తెలియనిది కాదు. వానలు లేని ఏడాది ఇల్లు నడిపే ఆడది ముందు పిల్లల నోటికి చూసుకుని, బట్టలూ ఇంటి మరమ్మతులూ పక్కన పెడుతుంది. కడుపులోని బిడ్డ కూడా మెదడును ముందు కాపాడుకుని కండలో, క్లోమగ్రంథిలో, మూత్రపిండంలో కోత పెట్టుకుంటుంది. తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలోకి వచ్చాక దాన్ని ఎక్కువగా పీల్చుకోవలసింది కండ. ఆ చక్కెరను అదుపులో పెట్టే ఇన్సులిన్ తయారయ్యేది క్లోమగ్రంథిలో. మూత్రపిండంలో రక్తాన్ని వడగట్టే చిన్న చిన్న జల్లెడల సంఖ్య కాన్పుకు ముందే తేలిపోతుంది, పుట్టాక కొత్తవి రావు. ఈ మూడింట్లో కోత పడిన శరీరం కొరతలోనే బతికినంత కాలం నెట్టుకొస్తుంది. అదే శరీరానికి తరువాత మూడు పూటలా తెల్లన్నం, పంచదార టీ, కూర్చుని చేసే పని ఎదురైతే తట్టుకోలేదు. సజ్జ సంకటి తిని పెరిగిన తల్లుల పిల్లలు ఇవాళ టౌనులో షుగరు క్లినిక్కుల ముందు వరస కట్టడం నేను ఈ కళ్ళతోనే చూస్తున్నాను. 2023లో వెలువడిన జాతీయ సర్వే మన దేశంలో మధుమేహం ఉన్నవారిని పది కోట్లకు పైగా లెక్కగట్టింది.

తల్లి తిండి మారిస్తే బిడ్డ మారుతుందా అని మీరు అడగాలి, అది సరైన ప్రశ్న. దానికి జవాబు వెతికింది మన తెలుగు పల్లెల్లోనే. 1987 నుంచి 1990 వరకు హైదరాబాదు దగ్గర 29 గ్రామాల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక పరిశీలన చేసింది. 15 గ్రామాల్లో అంగన్‌వాడీ పథకం కింద గర్భిణులకూ బాలింతలకూ పిల్లలకూ రోజూ కేంద్రంలో ఉప్మా పెట్టారు. మిగిలిన 14 గ్రామాలకు ఆ పథకం అప్పటికి రాలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ళ వయసుకు వచ్చాక మళ్ళీ పిలిచి పరీక్షించారు. ఉప్మా పెట్టిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువగా ఉన్నారు, వారి శరీరం ఇన్సులిన్‌కు మెరుగ్గా లోబడుతోంది, రక్తనాళాల బిరుసు తక్కువగా ఉంది. ఆ గ్రామాలను చీటీలు వేసి ఎంచలేదు, తేడాలు కూడా చిన్నవే, కనుక దీన్ని అద్భుతంగా చెప్పను. అయినా ఒక గిన్నెడు ఉప్మా గుర్తు పదిహేనేళ్ళ తరువాత రక్తంలో కనిపించడం చిన్న విషయమని నేను అనుకోను.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతి. భారత వైద్య పరిశోధన మండలి లెక్క ప్రకారం గర్భిణికి మామూలు కంటే రోజుకు 350 కేలరీలు, చివరి మూడు నెలల్లో అదనంగా సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, ఒక గ్లాసు పాలలో మరో 6, గుప్పెడు కందిపప్పులో 6 లేదా 7 ఉంటాయి. అంటే ఈ మూడూ మామూలు తిండికి తోడుగా నేరుగా ఆమె నోట్లోకి వెళితే కావలసినదాంట్లో చాలావరకు తీరుతుంది. వీటిలో దాదాపు అన్నీ అంగన్‌వాడీ కేంద్రం నుంచి వస్తున్నవే. పూణే గ్రామాల్లో ఇంకొక సంగతి కూడా తేలింది: గర్భంలో ఆకుకూరలు, పండ్లు, పాలు తరచుగా తీసుకున్న తల్లుల బిడ్డలు బాగా ఎదిగి పుట్టారు. మెట్ట గ్రామాల్లో పెరట్లో మునగచెట్టు లేని ఇల్లు తక్కువ. కాయలు కోసి సంతకు పంపుతాం, ఆకు మేకలకు వేస్తాం. గుప్పెడు మునగాకు పప్పులో వేయడానికి ఏ పథకమూ అక్కరలేదు. కావలి నుంచి కోట దాకా తీరం వెంట ఉన్న ఊళ్ళలో వండి, ముళ్ళతో సహా నమిలి తినే నెత్తళ్ళనే చిన్న చేపలు కూడా అలాంటివే. చేపల పులుసులో పెద్ద ముక్క ఎవరికి పడుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

చేప, గుడ్డు, పాలు అని పదే పదే చెప్పడానికి మరొక కారణం ఉంది. గర్భిణికి రోజూ ఇచ్చే ఎర్రమాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. 1945లో ఆ ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన ప్రయోగశాలను నడిపింది మన యల్లాప్రగడ సుబ్బారావు గారే. అయితే అందులో బీ12 విటమిన్ లేదు, అది జంతువుల నుంచి వచ్చే ఆహారంలోనే దొరుకుతుంది. తల్లి రక్తంలో ఫోలేటు (ఫోలిక్ ఆమ్లం కోవకు చెందినది) బాగా ఉండి బీ12 తక్కువైనప్పుడు, ఆ బిడ్డల్లో ఆరేళ్ళకే ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడాన్ని పూణేలో గమనించారు. కనుక మాత్ర ఎవరూ మానవద్దు, దానికి తోడుగా పాలో పెరుగో గుడ్డో చేపో తప్పక ఉండాలి. మాత్ర వేసుకున్న గంట దాకా టీ తాగవద్దు. కాల్షియం మాత్రనూ దీన్నీ ఒకే పూట మింగవద్దు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ప్రతి వందమంది ఆడవాళ్ళలో దాదాపు 59 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. మీ సంఘంలో పదిమంది ఉంటే ఆ లెక్కన దాదాపు ఆరుగురు.

ప్రకాశం పడమటి వైపు సంఘాలకు ఒక మాట. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతం ఉమ్మడి నెల్లూరు జిల్లాలో ఉన్నప్పుడే, 1937లో, నీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు దెబ్బతింటున్నాయని అక్కడ గుర్తించారు. మన దేశంలో ఆ జబ్బును ముందుగా నమోదు చేసిన చోట్లలో అది ఒకటి. కాల్షియం తక్కువగా తినేవారిని ఫ్లోరైడ్ మరింత పీడిస్తుంది. ఆ ఊళ్ళలో గర్భిణికి పాలూ కాల్షియం మాత్రా తప్పిపోకుండా చూడడం మిగతా చోట్ల కంటే ఎక్కువ అవసరం.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్ళలో నా పరిధిలోని కొన్ని కేంద్రాల్లో కాటాలు పాడై నెలల తరబడి బాగు కాలేదు. గడులు ఖాళీగా ఉంచితే పైనుంచి మాట వస్తుందని, కిందటి నెల బరువుకు ఇంకో పావుకిలో, అరకిలో కలిపి రాయించాను. ఆ కాగితాల్లో ప్రతి బిడ్డా చక్కగా పెరిగింది. కొత్త కాటా వచ్చాక ఒక రెండేళ్ళ పాపను బట్ట ఊయలలో కూర్చోబెట్టి కొక్కానికి తగిలిస్తే, ముల్లు ఏడు కిలోల దగ్గర ఆగింది. మా పుస్తకంలో పది దగ్గర ఉంది. ఆ తల్లి నా ముఖం వైపు చూసింది గానీ ఏమీ అనలేదు. తూచని బరువు రాయవద్దని నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఆ చూపు.

పుట్టాక మొదటి రెండేళ్ళూ గర్భంలోని తొమ్మిది నెలలకు కొనసాగింపే. కాన్పైన గంటలోపు ముర్రుపాలు పట్టాలి, ఆరు నెలలు తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా వద్దు. బాలింతకు పథ్యం పేరుతో కారప్పొడి అన్నం పెట్టి, నీళ్ళు తగ్గించి, పప్పూ కూరా ఆపడం మన వైపు ఇంకా ఉంది. పాలిచ్చే తల్లికి గర్భిణి కంటే ఎక్కువ తిండి, తొలి ఆరు నెలలు రోజుకు అదనంగా 600 కేలరీలు కావాలని పెద్దవాళ్ళకు నచ్చజెప్పగలిగింది మీరే. ఆరు నెలలు నిండాక మెత్తగా చిదిమిన పప్పన్నం, నెయ్యి, గుడ్డు పెట్టాలి. ఢిల్లీలో పుట్టినప్పటి నుంచి గమనించిన సుమారు పదిహేను వందల మందిలో, ముప్పై ఏళ్ళ దరిదాపుల్లోనే చక్కెర హద్దు దాటినవారు రెండేళ్ళ వయసులో సన్నగా ఉండి, ఆ తరువాత త్వరత్వరగా ఒళ్ళు చేసినవారని 2004లో తేల్చారు. పన్నెండేళ్ళప్పుడు వారిలో ఎవరూ స్థూలకాయులు కారు. కనుక రెండేళ్ళ లోపు ఎదుగుదల తప్పనివ్వకూడదు. ఆ తరువాత అంగడి బిస్కెట్లతో, కూల్‌డ్రింకులతో బొద్దుగా చేయాలని చూడకూడదు.

గర్భిణికి పెట్టమన్నానని ఎంతపడితే అంత పెట్టమని కాదు. తల్లికి గర్భంలో షుగరు వచ్చినా బిడ్డకు ముందు ముందు ప్రమాదమే. అందుకే పేరు నమోదైనప్పుడు ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య మరొకసారి, 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తరువాత రక్తం పరీక్షించాలి. 140 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే వైద్యుడి దగ్గరకు వెళ్ళాలి. మామూలు బరువున్న స్త్రీ నెలలు నిండేసరికి పది నుంచి పన్నెండు కిలోలు పెరగడం సరైన లెక్క. ‘బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టం’ అని ఏడో నెల నుంచి తిండి తగ్గించే అలవాటును మీ సమావేశంలో పేరు పెట్టి చర్చించండి.

తిండి ఒక్కటే చాలదు. చీమకుర్తి, టంగుటూరు వైపు పొగాకు గ్రేడింగులో రోజంతా కింద కూర్చునేవారూ, రొయ్యల షెడ్లలో ఐసునీళ్ళలో గంటల తరబడి నిలబడేవారూ, మిరపకోతలకు వలసపోయేవారూ తొమ్మిదో నెల దాకా పని మానలేరు. పనికి వెళ్ళని రోజు కూలి ఉండదు. మీ అంతర్గత అప్పుల్లో పెళ్ళికి, గేదెకు, బోరుకు పద్దులున్నాయి. చివరి మూడు నెలల విశ్రాంతికి, వడ్డీ లేకుండానో నామమాత్రపు వడ్డీకో, ఒక పద్దు తెరవండి. అలాగే పద్దెనిమిదేళ్ళు నిండని ఆడపిల్ల పెళ్ళికి సంఘం అప్పు ఇవ్వబోదని తీర్మానం రాయండి. 2019-21 సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ళ స్త్రీలలో వందకు 29 మందికి ఆ వయసు నిండకుండానే పెళ్ళైంది. తానే ఇంకా ఎదుగుతున్న పిల్ల, కడుపులోని బిడ్డతో తన తిండినే పంచుకోవలసి వస్తుంది. పుట్టేది ఆడబిడ్డ అయితే, ఆమె రేపు కనబోయే పిల్లల అండాలు కూడా ఈ గర్భంలోనే ఏర్పడతాయి. ఒక పళ్ళెంలో మూడు తరాలు తింటాయని నేను తల్లులకు చెబుతూ ఉండేదాన్ని.

పేజీ ఎలా రాయాలో కూడా చెబుతాను. ఆ అమ్మాయి ఒప్పుకుంటేనే రాయండి, సమావేశంలో పైకి చదవవద్దు. ఆమె పేరు, నెల నెలా తూచిన బరువు, రక్తం శాతం, షుగరు పరీక్ష రెండుసార్లూ అయిందా లేదా, ఆ నెల గుడ్లూ పాలూ ఆమె తానే తిన్నదా, బిడ్డ పుట్టినప్పటి బరువు, ఏడాదికీ రెండేళ్ళకూ బరువూ పొడవూ. బరువులు తల్లీబిడ్డల రక్షణ కార్డులో ఉంటాయి, తిన్నదా లేదా అన్నది మాత్రం ఏ కార్డులోనూ ఉండదు. అది ఒక్కటి మీరు ఇంటికి వెళ్ళి అడగాలి. వరసగా రెండు నెలలు బరువు పెరగకపోయినా, బిడ్డ రెండున్నర కిలోల లోపు పుట్టినా, ఆశా కార్యకర్తకూ ఏఎన్ఎం‌కూ అదే రోజు చెప్పండి.

మీ సంఘాల్లో లేనివారిని కూడా ఆ పేజీలో చేర్చండి. రొయ్యల చెరువుల గట్ల మీద కాపలా ఉంటూ, నీళ్ళు మారినప్పుడు చోటు మార్చే యానాది కుటుంబాల్లో పొదుపు పుస్తకం ఉన్నవారు తక్కువ. ఆ గుడిసెల్లో కడుపుతో ఉన్నవారి పేరు చాలాసార్లు కేంద్రం రిజిస్టరులోనూ ఉండదు. నా ఉద్యోగంలో నేను అందరికంటే ఆలస్యంగా చేరుకున్నది వారి దగ్గరికే. మీరు ఆ గుడిసెల నుంచే మొదలుపెట్టండి.

వచ్చే నెల మీ సమావేశానికి ఏ సంఘం పిలిచినా వస్తాను. బస్సు ఖర్చు అక్కరలేదు. కొక్కెం కాటా, పొడవు కొలిచే బల్ల నా దగ్గర ఉన్నాయి, రెండింటినీ పోయిన వారమే సరిచూసుకున్నాను. మొదటి బరువు మనం కలిసి తూచి రాద్దాం.

ఇట్లు,
పదవీ విరమణ చేసిన ఒక అంగన్‌వాడీ సూపర్‌వైజరు,
కందుకూరు